తెరవకుండా తెలుసుకోవడం: వాడిన అణు ఇంధన పేటికలపై సెన్సర్ల నిఘా

అణు రియాక్టర్‌లో నాలుగైదేళ్లు పనిచేసి బయటికి వచ్చిన ఇంధనాన్ని దాచిపెట్టే పేటికలు, మళ్లీ తెరవవలసిన అవసరం రాకూడదన్న ఉద్దేశంతో తయారవుతాయి. అయినా వాటి లోపలి స్థితి ఎలా ఉందో దశాబ్దాల తరబడి తెలుస్తూనే ఉండాలి. ఈ రెండు అవసరాలూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. లోపలి సంగతి చెప్పే సెన్సర్‌ను, అంటే వేడినో పీడనాన్నో కొలిచి సంకేతంగా మార్చే పరికరాన్ని, పేటిక లోపలే అమర్చితే దాని తీగ బయటికి రావడానికి గోడలో రంధ్రం చేయాలి; రంధ్రం ఉన్నచోట వాయువు కారే వీలుంటుంది; ఆ కారడాన్ని కనిపెట్టడానికి మరొక సెన్సర్ కావాలి. రంధ్రమే వద్దనుకుని అన్నివైపులా వెల్డింగ్ చేసి మూసేస్తే, కారే దారితోపాటు కబురు వచ్చే దారి కూడా మూసుకుపోతుంది. వాడిన ఇంధనపు నిల్వలో సెన్సర్ల చరిత్ర చాలావరకు ఈ చిక్కుముడిని ఒక్కొక్క దేశం ఒక్కొక్క విధంగా విప్పడానికి చేసిన ప్రయత్నాల చరిత్రే.

ఈ పేటికల మీద ఎక్కువగా ఆధారపడిన దేశం అమెరికా. వర్జీనియా రాష్ట్రంలోని సర్రీ విద్యుత్ కేంద్రానికి 1986లో పొడి నిల్వకు అనుమతి లభించింది. ఆ దేశంలో అదే మొదటిది. వాడిన ఇంధనాన్ని నెవాడాలోని యక్కా కొండ గర్భంలో శాశ్వతంగా పాతిపెట్టాలని 1987లో చట్టం చేశారు కానీ, 2010 ప్రాంతంలో ఆ పథకానికి నిధులు ఆగిపోయాయి. దేశంలో పోగుపడిన సుమారు 90 వేల టన్నుల ఇంధనంలో కొంత నీటి కొలనుల్లోనూ, తక్కినది సుమారు 4 వేల పేటికల్లోనూ, విద్యుత్ కేంద్రాల ఆవరణల్లోని కాంక్రీటు అరుగుల మీద కూర్చుని ఉంది. ఇరవై ఏళ్లకని మొదట ఇచ్చిన అనుమతులను మరో నలభై ఏళ్లకు పొడిగిస్తూ వస్తున్నారు. ఇది తాత్కాలిక నిల్వ అన్న మాట కాగితాల మీద ఇంకా నిలిచే ఉంది. పేటికల మీది నిఘా ప్రశ్నను ఇంత తీవ్రం చేసింది ఆ తాత్కాలికత్వం సాగుతూ పోవడమే.

లోపల ఏముందో తెలిస్తే సెన్సర్ దేనికోసం వెతకాలో తెలుస్తుంది. యురేనియం ఆక్సైడ్‌ను చిన్న చిన్న బిళ్లలుగా చేసి, జిర్కోనియం మిశ్రలోహంతో చేసిన సన్నని గొట్టాల్లో నింపి, ఆ గొట్టాలను కట్టలుగా కడతారు. భారతదేశపు రియాక్టర్లకు అలాంటి గొట్టాలూ కట్టలూ హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో తయారవుతాయి కాబట్టి, ఈ లోహం తెలుగునాట కొందరి చేతులకు రోజువారీ పరిచయమే. రియాక్టర్‌లోంచి తీసిన కట్టలో గొలుసు చర్య ఆగిపోతుంది, కానీ సీజియం, స్ట్రాన్షియం వంటి మూలకాలు విఘటనం చెందుతూ వేడి పుట్టిస్తూనే ఉంటాయి. ఈ క్షయ ఉష్ణం మొదట్లో చాలా ఎక్కువ కనుక కట్టలను కనీసం కొన్నేళ్లు లోతైన నీటి కొలనులో ఉంచి, ఆ తరువాతే పేటికలోకి మారుస్తారు. అమెరికాలో ఎక్కువగా వాడే కానిస్టర్ అన్నది 13 నుంచి 16 మిల్లీమీటర్ల మందపు స్టెయిన్‌లెస్ స్టీలు గోడ గల పొడవైన డబ్బా. అందులో 30కి పైగా కట్టలు పడతాయి. డబ్బాను నీటి అడుగునే నింపి, పైకి తీసి, మూత వెల్డింగ్ చేసి, లోపలి నీటిని తోడి, మిగిలిన తడిని శూన్యపు పంపులతో లాగేస్తారు. లోపలి పీడనం 3 టార్ల దగ్గర, అంటే వాతావరణ పీడనంలో సుమారు రెండువందల యాభయ్యో వంతు దగ్గర, అరగంటపాటు పెరగకుండా నిలిస్తే తడి పోయినట్టు లెక్క. తరువాత హీలియం నింపుతారు. హీలియం దేనితోనూ రసాయన చర్య జరపదు, పైగా గాలికంటే సుమారు ఆరు రెట్లు బాగా వేడిని మోసుకుపోతుంది. డబ్బా చుట్టూ మందమైన కాంక్రీటు కవచం ఉంటుంది. కవచం అడుగున ఉన్న కంతల్లోంచి చల్లగాలి లోపలికి వచ్చి, డబ్బా గోడను తాకి వేడెక్కి, పైకంతల్లోంచి దానంతట అదే వెళ్లిపోతుంది. ఫ్యాను లేదు, మోటారు లేదు, కరెంటు అక్కరలేదు. ఫుకుషిమా దైచీ కేంద్రాన్ని 2011లో సునామీ ముంచెత్తినప్పుడు అక్కడి పొడి నిల్వ భవనంలోకి కూడా సముద్రపు నీరు చొరబడింది. అయితే అందులోని 9 పేటికలు, వాటిలోని 408 ఇంధన కట్టలు, కరెంటు లేకపోయినా వేడిని వదులుకుంటూ నిలిచాయి.

ఇంత నిదానమైన వస్తువులో చెడిపోవడానికి ఏముందన్న ప్రశ్న సహజం. హీలియం కారిపోవచ్చు, కారితే వేడి చేరవలసిన చోటికి చేరదు, గాలి లోపలికి వస్తే ఇంధనం ఆక్సీకరణం చెందవచ్చు. గొట్టాల్లోని లోహం హైడ్రోజన్ పీల్చుకుని పెళుసెక్కవచ్చు. బయటివైపు స్టీలు తుప్పు పట్టవచ్చు. ఈ మూడింటిలో ఏదీ ఒక పూటలో జరిగేది కాదు. అందువల్ల ఇక్కడి సెన్సర్‌కు చురుకుతనం కంటే ఓర్పు ముఖ్యం.

జర్మనీ, స్విట్జర్లాండ్, బెల్జియం, జపాన్ దేశాలు ఎక్కువగా ఎంచుకున్న దారి వేరు. అక్కడి పేటిక మందమైన ఇనుముతోనో ఉక్కుతోనో చేసిన ఒకే పెద్ద పాత్ర. దానికి ఒకదానిమీద ఒకటిగా రెండు మూతలు, మూతలకు బోల్టులు, మూతకీ పాత్రకీ మధ్య లోహపు సీలు ఉంటాయి. కాస్టర్ అనే జర్మన్ పేటికలో రెండు మూతల నడుమ ఉన్న ఖాళీ జాగాలో సుమారు 6 బార్ల పీడనంతో హీలియం నింపి, ఆ పీడనాన్ని ఒక స్విచ్‌తో నిరంతరం గమనిస్తారు. ఈ ఏర్పాటులోని తెలివి ఆ ఖాళీ జాగాలో ఉంది. అక్కడి పీడనం పేటిక లోపలి పీడనం కంటే ఎక్కువ, బయటి గాలి పీడనం కంటే కూడా ఎక్కువ. కాబట్టి లోపలి సీలు చెడితే హీలియం లోపలికి పోతుంది, బయటి సీలు చెడితే బయటికి పోతుంది. ఎటు పోయినా పీడనం తగ్గుతుంది, స్విచ్ మోగుతుంది, కానీ పేటికలోని వాయువు మాత్రం బయటికి రాదు. తీగ కూడా రేడియోధార్మిక వాయువు ఉన్న గదిలోకి వెళ్లనక్కరలేదు. లోపలి సంగతి తెలుసుకోవడానికి లోపలికే వెళ్లాలన్న పట్టుదలను వదులుకుని, హద్దు మీద కాపలా పెట్టిన ఈ ఆలోచనే ఈ రంగంలోకెల్లా చక్కనిదని అనవచ్చు.

ఆ కాపలా పనిచేస్తుందన్నదానికి అమెరికాలోనే రుజువుంది, ఎందుకంటే అక్కడ కూడా బోల్టుల పేటికలు కొన్ని ఉన్నాయి. పెన్సిల్వేనియాలోని పీచ్ బాటమ్ కేంద్రంలో 2010లో ఒక పేటిక మీది పీడన హెచ్చరిక మోగింది. పేటికను తిరిగి భవనంలోకి తీసుకువెళ్లి పరీక్షిస్తే, వాన నుంచి కాపాడవలసిన పైకప్పులోంచి నీరు ఇంకి బయటి సీలును తుప్పు పట్టించిందని తేలింది. లోపలి సీలు చెక్కుచెదరలేదు. రేడియోధార్మికత ఏదీ బయటపడలేదు. సెన్సర్ పట్టుకున్న దోషం అణు ఇంధనానికి సంబంధించినది కాకుండా వాననీటికీ రేకుకూ సంబంధించినది కావడం గమనించదగ్గది. ఆరుబయట నలభై ఏళ్లు నిలబడే ఏ వస్తువుకైనా వచ్చే జబ్బులే ముందుగా దీనికీ వస్తాయి.

వెల్డింగ్ చేసిన కానిస్టర్‌కు ఈ హంగు లేదు. వెల్డింగ్ కారదన్న నమ్మకం మీద అమెరికా నియంత్రణ సంస్థ అక్కడ పీడనపు నిఘా అడగలేదు. అడిగేదల్లా గాలి కంతలు మూసుకుపోలేదని రోజూ చూడడం, లేదా పైకంతల నుంచి వచ్చే గాలి ఉష్ణోగ్రతను కొలవడం. వీటికితోడు ఆవరణ చుట్టూ రేడియేషన్ మోతాదును నమోదుచేసే పరికరాలు ఉంటాయి. పక్షులు గూళ్లు కట్టినా, మంచు పేరుకున్నా, చెత్త అడ్డుపడినా ఈ నిఘా పట్టుకుంటుంది. డబ్బా గోడలో వెంట్రుకంత పగులు పడితే మాత్రం పట్టుకోలేదు, ఎందుకంటే రాత్రికీ పగటికీ మధ్య గాలి వేడిలో వచ్చే తేడా ముందు అలాంటి పగులు తెచ్చే మార్పు లెక్కలోకి రాదు. గట్టిగా మూసిన పాత్ర సురక్షితమైనదన్న మాట నిజమే కావచ్చు. అడగడానికి వీలులేని పాత్రను గురించి ఆ మాటను ఎంతకాలం నమ్మవచ్చన్నది మరో ప్రశ్న.

ఆ ప్రశ్నకు జపాన్‌లోని విద్యుత్ పరిశ్రమల కేంద్ర పరిశోధన సంస్థ ఒక సూటి జవాబు వెతికింది. కొన్ని వాతావరణాల పీడనంతో నింపిన హీలియం డబ్బాలో ఊరికే ఉండదు. ఇంధన కట్టల మధ్య వేడెక్కి పైకి లేస్తుంది, మూత దగ్గర వేడిని వదిలి, గోడల వెంబడి చల్లబడుతూ కిందికి దిగి, మళ్లీ కట్టల్లోకి వెళ్తుంది. ఈ ప్రవాహం వల్లనే డబ్బా పైభాగం అడుగుకంటే వేడిగా ఉంటుంది. హీలియం కారి పీడనం తగ్గితే వాయువు పలచబడుతుంది, ప్రవాహం మందగిస్తుంది, పైకి చేరవలసిన వేడి కిందనే చిక్కుకుంటుంది. ఫలితంగా మూత చల్లబడుతుంది, అడుగు వేడెక్కుతుంది. కాబట్టి డబ్బా బయటి గోడకు పైన ఒకటి, అడుగున ఒకటి ఉష్ణోగ్రత సెన్సర్ అమర్చి, రెండింటి తేడాను గమనిస్తే చాలు, లోపలి పీడనం గురించి బయటినుంచే తెలుస్తుంది. రంధ్రం అక్కరలేదు. ఎండ వస్తే రెండు సెన్సర్లూ కలిసి పెరుగుతాయి, చలి వస్తే కలిసి తగ్గుతాయి. ఒకటి తగ్గుతూ మరొకటి పెరగడం ఒక్కటే అనుమానించవలసిన గుర్తు. దీనికీ హద్దులున్నాయి. తక్కువ పీడనంతో నింపిన డబ్బాల్లో ప్రవాహం మొదటినుంచే బలహీనం కనుక అక్కడ ఈ తేడా కనబడదు. ఇంధనం ఏటికేడాది చల్లబడుతున్నకొద్దీ సంకేతం కూడా సన్నగిల్లుతుంది. అయినా లోపలి భౌతిక శాస్త్రాన్నే సెన్సర్‌గా మార్చుకున్న ఈ పద్ధతి, ఖరీదైన పరికరాలకంటే ఆలోచన ఎక్కువ పని చేస్తుందనడానికి మంచి సాక్ష్యం.

స్టీలు తుప్పు విషయంలో పరిస్థితి ఇంతకంటే చిక్కైనది. స్టెయిన్‌లెస్ స్టీలు మామూలుగా తుప్పు పట్టదు, కానీ మూడు పరిస్థితులు ఒకేచోట కలిస్తే ఆ లోహంలో సన్నని పగుళ్లు పుట్టి కొమ్మలు వేస్తూ లోపలికి పాకుతాయి. దీన్ని ఒత్తిడి తుప్పు పగులు అంటారు. మొదటిది లోహంలో లాగుడు ఒత్తిడి, అది వెల్డింగ్ అతుకుల దగ్గర సహజంగానే మిగిలిపోతుంది. రెండవది క్లోరైడ్ ఉప్పు, అది సముద్రతీరంలోని గాలితో వస్తుంది. చల్లగాలి లోపలికి వచ్చే కంతలే ఉప్పును కూడా తెచ్చి డబ్బా మీద దుమ్ములా పరుస్తాయి. మూడవది తడి. తెలుగు ఇళ్లలో వానాకాలం రాగానే జాడీలోని రాళ్ల ఉప్పు చెమర్చడం అందరూ చూసేదే. స్టీలు గోడ మీద జరిగేదీ అదే. శుద్ధమైన సోడియం క్లోరైడ్ చెమర్చడానికి గాలిలో సుమారు 75 శాతం సాపేక్ష ఆర్ద్రత కావాలి కానీ, సముద్రపు ఉప్పులో కలిసివుండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 35 శాతానికి కాస్త అటూఇటూ ఉంటే చాలు.

ఇక్కడ ఒక ఎదురుతిరిగే సంగతి ఉంది. డబ్బా గోడ బాగా వేడిగా ఉన్నన్నాళ్లు దాని పక్కనున్న గాలిలో సాపేక్ష ఆర్ద్రత తక్కువగా ఉంటుంది, ఉప్పు పొడిగానే ఉండిపోతుంది, పగులు మొదలుకాదు. ఇంధనం చల్లబడ్డాక, అంటే లోపలి ప్రమాదం తగ్గిందని అనుకునే కాలంలో, బయటి ప్రమాదం మొదలవుతుంది. కాలిఫోర్నియా తీరంలోని డయాబ్లో కాన్యన్ కేంద్రంలో 2014లో డబ్బాలను పరిశీలించినప్పుడు గోడ మీద సముద్రపు ఉప్పు కనబడింది, ఉష్ణోగ్రత కూడా కొన్నిచోట్ల 85 డిగ్రీల సెల్సియస్ లోపే ఉంది. డబ్బాలు పెట్టి ఎక్కువ కాలం కాకముందే ఉప్పు చెమర్చగల పరిస్థితి వచ్చిందన్నమాట. దక్షిణాఫ్రికాలోని కోబర్గ్ కేంద్రంలో, సముద్రపు గాలికి సుమారు 17 ఏళ్లు నిలిచిన స్టెయిన్‌లెస్ స్టీలు నీటి ట్యాంకుల్లో ఇలాంటి పగుళ్లే పడ్డాయన్నది నియంత్రణ సంస్థలు పదేపదే గుర్తుచేసుకునే ఉదాహరణ. పరిశీలించిన కొద్దిపాటి కానిస్టర్లలో ఇంతవరకు అలాంటి పగులు ధ్రువపడలేదని చెప్పడం న్యాయం. పరిశీలించినవి మొత్తంలో చాలా కొద్దివేనని చెప్పడం కూడా అంతే న్యాయం.

అందువల్ల తీరప్రాంతపు పేటిక దగ్గర పెట్టే ఉష్ణోగ్రత సెన్సర్ ఒకేసారి రెండు పనులు చేస్తుంది: వేడి హద్దు మీరలేదని చెబుతుంది, ఉప్పు ఎప్పటినుంచి చెమర్చగలదో లెక్కగట్టే పంచాంగంగా కూడా ఉపయోగపడుతుంది. పగుళ్లను నేరుగా చూడాలంటే మాత్రం డబ్బాకీ కాంక్రీటు కవచానికీ మధ్య ఉన్న కొద్ది అంగుళాల సందులోకి యంత్రాన్ని పంపించాలి. చిన్న చక్రాల మీద పాకే రోబోలను కెమెరాలతోనూ, లోహంలో సుడి విద్యుత్తును పుట్టించి దాని తేడాను చదివే పరికరాలతోనూ, లోహాన్ని తాకకుండా అయస్కాంతంతో అతిధ్వని తరంగాలను పుట్టించే పరికరాలతోనూ గాలి కంతల్లోంచి లోపలికి దించుతున్నారు. వేడి, గామా కిరణాలు, ఇరుకు, మలుపులు, ఈ నాలుగింటినీ తట్టుకుని కొన్ని గంటలు పనిచేసే రోబోను తయారుచేయడం, నలభై ఏళ్లు పనిచేసే సెన్సర్‌ను అతికించడం కంటే తేలికేనని తేలింది.

లోపలి ఉష్ణోగ్రతను నిజంగా కొలిచిన ప్రయోగం ఒకటి వర్జీనియాలోని నార్త్ అన్నా కేంద్రంలో జరిగింది. అక్కడ 2017 నవంబరులో, రియాక్టర్‌లో ఎక్కువ కాలం ఉండి ఎక్కువ శక్తినిచ్చిన ఇంధనపు 32 కట్టలను ఒక బోల్టుల పేటికలో పెట్టి, మూతలో ప్రత్యేకంగా చేసిన రంధ్రాల్లోంచి ఏడు పొడవైన కడ్డీలను దింపారు. ఒక్కొక్క కడ్డీలో తొమ్మిది చొప్పున మొత్తం 63 థర్మోకపుల్స్ ఉన్నాయి. థర్మోకపుల్ అంటే రెండు వేర్వేరు లోహపు తీగలను ఒక కొసన కలిపి, ఆ కొస వేడెక్కినప్పుడు పుట్టే అతి స్వల్పమైన వోల్టేజీని చదివే సాధనం. 1821లో సీబెక్ గమనించిన ధర్మం మీద ఆధారపడిన ఈ ముసలి పరికరమే రేడియేషన్‌లో నమ్మకంగా నిలబడింది. భద్రత అనుమతి కోసం కట్టిన లెక్కలు లోపల అత్యధికంగా 348 డిగ్రీల సెల్సియస్ ఉంటుందన్నాయి. సుమారు 30 కిలోవాట్ల వేడినిచ్చే ఆ పేటికలో కొలిచి చూస్తే 240 డిగ్రీలు కూడా దాటలేదు.

తేడా వంద డిగ్రీలకు పైనే. నియంత్రణ సంస్థ విధించిన హద్దు 400 డిగ్రీలు కాబట్టి ఇది శుభవార్తేనని చాలామంది భావించారు, గొట్టాల విషయంలో అది నిజం కూడా. కానీ లెక్క ఎటు తప్పితే క్షేమమన్నది చూసే వస్తువును బట్టి ఉంటుంది. వేడిని ఎక్కువగా ఊహించడం ఇంధనపు గొట్టానికి జాగ్రత్త అవుతుంది. అదే ఊహను సముద్రతీరంలోని డబ్బా గోడకు వర్తింపజేస్తే, గోడ నిజంగా ఉన్నదానికంటే వేడిగా ఉందనుకుని, ఉప్పు చెమర్చే ఏడాదిని నిజంగా రావలసినదానికంటే దూరంగా లెక్కించినట్టవుతుంది. కొలత లేని లెక్క ఎంత జాగ్రత్తగా కట్టినా, ఏదో ఒకవైపు అజాగ్రత్తగానే మిగులుతుంది. ఆ 63 సెన్సర్లు చేసిన మేలు వేడి తక్కువని చెప్పడంకంటే, లెక్కలను సరిదిద్దడానికి ఒక నిజమైన కొలబద్ద ఇవ్వడంలోనే ఉంది.

వెల్డింగ్ చేసిన డబ్బా లోపలే సెన్సర్‌ను ఉంచి, రంధ్రం లేకుండా కబురు తెప్పించుకునే మార్గాల మీద కూడా పరిశోధన సాగుతోంది. స్టీలు గోడ రేడియో తరంగాలను ఆపేస్తుంది, ధ్వనిని ఆపదు. కాబట్టి గోడకు లోపలొకటి, బయటొకటి పీజో స్ఫటికాన్ని అమర్చి, అంటే వత్తితే విద్యుత్తును, విద్యుత్తునిస్తే కంపనాన్ని ఇచ్చే స్ఫటికాన్ని అమర్చి, అతిధ్వని రూపంలో గోడలోంచే సమాచారాన్నీ, లోపలి పరికరానికి కావలసిన కాస్త శక్తినీ పంపవచ్చు. బ్యాటరీలు కొన్నేళ్లకంటే నిలవవు కనుక, ఇంధనపు వేడినే విద్యుత్తుగా మార్చుకుని సెన్సర్‌ను నడపాలన్న ప్రతిపాదన కూడా ఉంది. వినడానికి ఇది ముచ్చటగా ఉంటుంది కానీ, సీజియం, స్ట్రాన్షియం మూలకాల అర్ధాయువు సుమారు 30 ఏళ్లే కాబట్టి, డబ్బా చల్లబడి పగుళ్ల కాలం మొదలయ్యే వేళకే ఆ సెన్సర్‌కు ఆహారం కూడా తగ్గిపోతుంది. ఆప్టికల్ ఫైబర్‌తో మరో ఇబ్బంది: అందులోని గాజు గామా కిరణాలకు క్రమంగా మసకబారి కాంతిని పోనివ్వదు. అర్ధవాహక చిప్పుల సంగతి చెప్పనే అక్కరలేదు. పేటిక లోపల మార్చడానికి వీలులేని ఏ సెన్సర్ అయినా ఏదో ఒకనాడు మూగబోతుంది. ఆ రోజున అది చెడిందో, లోపల నిజంగా ఏదైనా జరిగిందో చెప్పేవారుండరు. బయట అమర్చి, చెడితే తీసి మార్చగల మామూలు సెన్సర్ వైపే మొగ్గడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కరలేదు.

అరుగు మీద నలభై ఏళ్లు నిలబడే కాలం మీదే అందరి దృష్టీ ఉంటుంది. ప్రమాదాలు మాత్రం పేటికను నింపే, దించే గంటల్లోనే ఎక్కువగా తలెత్తాయి. విస్కాన్సిన్‌లోని పాయింట్ బీచ్ కేంద్రంలో 1996 మే 28న మూత వెల్డింగ్ చేస్తుండగా, లోపలి జింకు పూత బోరిక్ ఆమ్లం కలిసిన నీటితో చర్య జరిపి పుట్టించిన హైడ్రోజన్ వాయువు అంటుకుని, దాదాపు మూడు టన్నుల మూతను పైకి లేపింది. హైడ్రోజన్ ఉందో లేదో చూసే సాదా పరికరం ఆ ప్రమాదాన్ని ముందే చెప్పేది. కాలిఫోర్నియాలోని శాన్ ఒనోఫ్రే కేంద్రంలో 2018 ఆగస్టు 3న సుమారు 45 టన్నుల కానిస్టర్‌ను నేలలోని గూటిలోకి దించుతుండగా, అది పైభాగంలో ఒక ఉక్కు వలయపు అంచు మీద ఆగిపోయింది. బెల్టులు వదులైపోయినా అక్కడివారు గమనించలేదు. కింద ఐదున్నర మీటర్ల లోతు ఉండగా, బరువు మోసే ఆధారం లేకుండా ఆ డబ్బా సుమారు గంటసేపు అలా నిలిచింది. నియంత్రణ సంస్థ నిర్వహణ సంస్థకు 1,16,000 డాలర్ల జరిమానా వేసింది. తరువాత బరువు తగ్గగానే మోగే కొలత పరికరాలను, కెమెరాలను ఆ పనిలో తప్పనిసరి భాగం చేశారు. క్రేను కొక్కెం దగ్గర ఎంత బరువు వేలాడుతోందో చూడడం ఏ ఓడరేవు కూలీకైనా తెలిసిన పనే. మ్యువాన్లను, అతిధ్వనిని గురించి పరిశోధన పత్రాలు వెలువడుతున్న కాలంలో ఈ చిన్న కొలత మరుగున పడిందంటే, నిఘా కోరే బుద్ధి ఎక్కువగా నిలిచి ఉన్న పేటిక చుట్టూనే తిరిగిందని అనుకోవలసివస్తుంది.

మ్యువాన్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. విశ్వకిరణాలు గాలిలో ఢీకొన్నప్పుడు పుట్టే ఈ కణాలు నేల మీద ప్రతి చదరపు సెంటీమీటరు మీద నిమిషానికి ఒకటి చొప్పున పడుతూ, స్టీలునూ యురేనియాన్నీ దాటిపోతాయి. బరువైన మూలకంలోంచి పోయినప్పుడు ఎక్కువగా వంగుతాయి. అమెరికాలోని లాస్ అలమోస్ శాస్త్రవేత్తలు ఇడాహోలోని ఒక పాత పేటికకు రెండువైపులా మ్యువాన్ గ్రాహకాలను పెట్టి, మూత తెరవకుండానే లోపల కట్టలు లేని అరలను గుర్తించగలిగారు. ఇది పేటిక ఆరోగ్యంకంటే, అందులోని ఇంధనాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదని నిర్ధారించుకోవడానికి ఉపయోగపడే పద్ధతి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీదారులు ఆ పనికి సాధారణంగా వాడేది ఫైబర్ సీలు: అనేక సన్నని తంతువులున్న తీగను మూతకు చుట్టి, సీలులో కొన్ని తంతువులను యాదృచ్ఛికంగా తెంచి, మిగిలినవాటి కాంతి చుక్కల ఆకృతిని ఫొటో తీసిపెట్టుకుంటారు, తీగను కోసి అతికితే ఆ ఆకృతి మళ్లీ రాదు.

భారతదేశంలో ఈ ప్రశ్న ఇంకా అమెరికాలో ఉన్నంత ఒత్తిడి తేలేదు, ఎందుకంటే ఇక్కడి విధానం వాడిన ఇంధనాన్ని శుద్ధిచేసి అందులోని ప్లుటోనియాన్నీ యురేనియాన్నీ తిరిగి వాడుకోవడం. నిల్వ ప్రధానంగా నీటి కొలనుల్లోనే. అయినా రేడియేషన్ కొలిచే పరికరాలు దశాబ్దాలుగా హైదరాబాద్‌లోని ఇ.సి.ఐ.ఎల్.లో తయారవుతున్నాయి, శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ సముద్రతీరంలో అణు కేంద్రం తలపెట్టారు. తీరం, ఉప్పుగాలి, తేమ, మూడూ ఉన్న ఆ చోట ఎప్పటికైనా వాడిన ఇంధనాన్ని పొడిగా నిల్వచేయవలసి వస్తే, డయాబ్లో కాన్యన్ గోడ మీద కనబడిన ఉప్పు లెక్కలు అక్కడికీ వర్తిస్తాయి.

ఇక కాలపు లెక్క. జపాన్‌లోని ముత్సులో 2024 నవంబరులో మొదలైన నిల్వ కేంద్రంలో ఒక్కొక్క పేటికకు 50 ఏళ్ల వరకు గడువు ఉంది. జర్మనీలోని గోర్లెబెన్‌లో 113 పేటికలున్న నిల్వశాలకు ఇచ్చిన నలభై ఏళ్ల అనుమతి 2034తో ముగుస్తుంది. శాశ్వత స్థలం అప్పటికి సిద్ధం కాదు. అక్కడి మూతల మధ్య పీడనాన్ని చూసే స్విచ్‌ను పేటికను కదపకుండానే విప్పి కొత్తది పెట్టవచ్చు. లోపలి సీలు చెడినా, రెండవ మూత మీద మూడవ మూతను వెల్డింగ్ చేసే ఏర్పాటు ముందే ఆలోచించి ఉంచారు. అమెరికాలోని వెల్డింగ్ డబ్బాలకు పగులు కనబడితే ఏంచేయాలన్నదానికి, పైన మరో పెద్ద డబ్బా తొడగడమా, పగులును లోహపు పూతతో మూయడమా అన్న చర్చ ఇంకా సాగుతోంది. తిరిగి విప్పడానికి కావలసిన నీటి కొలనులను మూతపడిన చాలా కేంద్రాల్లో ఇప్పటికే కూల్చేశారు.